పదహారులో ఆరు

అన్నం తిన్నాక వచ్చే పీరియడ్ నాది.
థర్మోడైనమిక్స్, రెండో సంవత్సరం, బి సెక్షన్.
పాలకొల్లు దాటాక రొయ్యల చెరువుల మధ్య కాలేజీ.
కిటికీ తెరిస్తే ఏరేటర్ల చప్పుడు,
మూస్తే అరవై ఆవులింతలు.

పదకొండేళ్ళు బోర్డు మీద ఒకే వాక్యం రాశాను,
ఎంట్రోపీ పెరుగుతూనే ఉంటుందని.
పిల్లలు రాసుకున్నారు, పరీక్షలో మళ్ళీ నాకే రాసిచ్చారు.
చుట్టాల ఇళ్ళ మధ్య తిరిగే స్వీటు డబ్బాలా
విప్పకుండానే చేతులు మారింది.
నేనూ విప్పలేదు. ఇప్పుడు చెబితే పోయేదేముంది.

ముందు క్విజ్ పెట్టాను.
నాలుగు జట్లు, జట్టుకో స్టీలు గ్లాసూ చెంచా.
బొక్కా సత్యవేణి చెంచా అందరికంటే ముందు మోగేది,
నిర్వచనం పుస్తకంలో ఉన్నట్టే, కామాతో సహా.
రెండో వారానికి వెనక బెంచీలు
చెంచా ముట్టుకోవడమే మానేశాయి.
మొగల్తూరు బస్సులో వచ్చే పిల్ల
తప్పు చెప్పి, సొంత జట్టే నవ్వితే, మూడు రోజులు రాలేదు.
ఆటంటే సరదా అనుకున్నాను.
ఓడిపోవడం అలవాటైనవాళ్ళకి అది ఇంకో పరీక్షే.

తర్వాత గవ్వలు తెచ్చాను,
అంతర్వేది తీర్థంలో బేరమాడి కొన్నవి.
"అష్టాచెమ్మాయా మేడమ్?"
"ఆయ్, అదే."
బెంచీలు జరిపి నేల మీద కూర్చున్నాం.
నా కుచ్చిళ్ళ నిండా సుద్దపొడి.
నాలుగు గవ్వలు, వంద పందేలు,
ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు గీయండి.
రెండు, రెండు, మూడు, మళ్ళీ రెండు.
అష్టా పడితే లేచిన అరుపుకి
పక్క సెక్షన్ లెక్చరరు తొంగిచూశాడు.

రెండే ఎందుకు ఎక్కువ? అడిగి ఊరుకున్నాను.
ఊరుకోవడం కష్టం, పదకొండేళ్ళ నోరు.
గవ్వలకి రంగు చుక్కలు పెట్టి వాళ్ళే తేల్చారు:
రెండుకి ఆరు దారులు,
ఒకటికి నాలుగు, మూడుకి నాలుగు,
చెమ్మాకి ఒకటే, అష్టాకి ఒకటే.

ఇప్పుడు మనిషికో గవ్వ, అన్నీ వెల్లకిలా.
చీటీ తీసి నంబరు పిలుస్తాను, ఆ నంబరువాళ్ళు గవ్వ తిప్పాలి.
చీటీ మళ్ళీ డబ్బాలోకే.
ఇరవైకి నేలంతా మచ్చలు.
వందకి సగం అటు, సగం ఇటు, అక్కడే ఊగులాట.
"అన్నీ మళ్ళీ వెల్లకిలా అయ్యేదాకా ఆడదామా?" అన్నాను.

పెచ్చెట్టి ఏసుబాబు,
అటెండెన్సుకి తప్ప నోరు తెరవనివాడు,
గవ్వని బొటనవేలితో రుద్దుతూ అన్నాడు:
"అవ్వకూడదని రూలేం లేదండి.
ఆ దారి ఒక్కటే, మిగతావి బోల్డు. అంతే కదండి.
మా నాన్న చెరువులో మందు జల్లుతాడండి.
జల్లాక మళ్ళీ గుప్పిట్లోకి రమ్మంటే వత్తాదేటండి?"

బయట ఏరేటర్లు తిరుగుతున్నాయి.
సుద్దముక్క పట్టుకుని బోర్డు దాకా వెళ్ళి
రాయడానికేమీ లేక వెనక్కొచ్చాను.

సత్యవేణి లేచింది.
"ఇది యూనివర్సిటీ పేపర్లో వస్తుందా మేడమ్?"
రాదమ్మా. నిర్వచించుము అని వస్తుంది.
"మరి ఇవాళ యూనిట్ అవలేదు."
అవలేదు. ఆ కోపం న్యాయమైందే.
సాయంత్రం హెచ్చోడీ గారూ అదే అడిగారు, టీ ఊదుకుంటూ.
టీ ఎందుకు చల్లారుతుందో చెప్పబోయి ఆగాను.

శనివారం ఎక్స్‌ట్రా క్లాసు పెట్టి
గవ్వల్లేకుండా సమీకరణాలు పరిగెత్తించాను.
ఏసుబాబు ఆవులించాడు. చూడనట్టే ఉన్నాను.

సోమవారం, దిద్దడానికొచ్చిన సత్యవేణి నోట్సు
చివరి పేజీలో పెన్సిలు అంకెలు:
ఒక గవ్వకి, రెండు గవ్వలకి, మూడుకి,
అయిదుకి, తొమ్మిదికి
దారుల లెక్క త్రిభుజంలా
కిందికి వెడల్పవుతూ పోయి
కాగితం చాలక అంచున ఆగింది.
"పేపర్లో రాదుగా?" అన్నాను.
"రాదండి" అంది, నోట్సు లాక్కుంటూ.